మెట్ల కింద అగ్ని

"ఈ చోట ప్రాణం పోతుంది" అని సిద్ధాంతి ప్లాను కాగితం మీద మెట్ల దగ్గర వేలు పెట్టాడు.

జనార్ధన్ పేట్ బషీరాబాద్‌లో మేడ్చల్ రోడ్డు పక్కనే నాలుగంతస్తుల కాంప్లెక్సు కట్టడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాడు. తెల్లారితే జేసీబీ వచ్చి పునాది తవ్వుతుంది. ఒక్కసారి వాస్తు చూపించమని కూతురు అశ్రిత పోరు పెట్టి, ఆదివారం పూట నుదుట విభూతితో ఉన్న ఈ యజ్ఞనారాయణ సిద్ధాంతిని తనే వెంటబెట్టుకొచ్చింది. వచ్చినాయన ఈశాన్యం, నైరుతి అంటూ నాలుగు ముక్కలు చెప్పి పోతాడనుకుంటే, కూర్చోగానే చావు మాట ఎత్తాడు.

"ఎవరి పానం, అయ్యగారూ?" జనార్ధన్ ముందుకు వంగి అడిగాడు.

"ముందు ఇది చెప్పండి. మెట్ల కింద ఈ గది దేనికి?"

"కరెంటు గది. మీటర్లు, జనరేటరు అన్నీ అండ్లనే. జాగ కలిసొస్తదని."

"అంటే అగ్నిని తీసుకెళ్లి మెట్ల కింద కూర్చోబెట్టారు. దిగడానికి ఇంకో దారి ఉందా?"

"లేదు. ఇంకో మెట్లంటే కిరాయికిచ్చే రెండు దుకాణాల మడిగెలు పోతయి."

సిద్ధాంతి కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి గాని మాట బయటికి రావడం లేదు. పొలం గట్టు తగాదాలో గొడ్డలి ఎత్తినవాడికి కూడా ఎదురు నిలబడ్డ మనిషి జనార్ధన్. అలాంటివాడికి ఆ పెదాలను చూస్తుంటే భయం పుట్టింది.

"పై అంతస్తులో ఎవరుంటారు?"

"నా కొడుకు అన్వేష్. కంప్యూటర్ సెంటర్ పెడతడు."

"పిల్లలు ఎంతమంది వస్తారు?"

"పొద్దుగాల, మాపటికి కలిపి నూరు మంది దాకా."

"అయితే పోయేది ఒక్క ప్రాణంతో ఆగదు" అన్నాడు సిద్ధాంతి కళ్లు తెరిచి. "అగ్ని లేచిందంటే పొగ మెట్ల వెంబడే పైకి ఎక్కుతుంది. పైనున్న వాళ్లు దిగాల్సింది ఆ పొగలోకే. కిటికీలకు గ్రిల్లులు కూడా బిగిస్తున్నారు."

అన్వేష్ గ్రిల్లు పట్టుకొని 'నాయినా' అని అరుస్తున్నట్టు జనార్ధన్‌కు కళ్లకు కట్టింది. ఇంత భయం ఆయన పుట్టి ఎరగడు.

"ఇగ ఏం జెయ్యాలె? శాంతి చేయిస్త, హోమం పెట్టిస్త, మీరు ఏదంటె అది."

"శాంతులతో తీరేది కాదు. కరెంటు గది భవనం బయటికి, ఆగ్నేయ మూలకు పోవాలి. వెనకవైపు ఇంకో మెట్ల దారి రావాలి. తీగలకు, గొట్టాలకు కింది నుంచి పైదాకా విడిగా సందు వదలాలి. అంతా పునాది పడకముందే ప్లానులో ఎక్కాలి. పడ్డాక నన్ను పిలిచినా నేను చేయగలిగింది లేదు."

"మా అశ్రిత గూడ గిట్లనే చెవుల ఇల్లు కట్టుకొని చెప్పింది, కట్టకముందే కరెంటు ఇంజినీరుకు చూపియ్యి నాయినా అని. ఇంజినీరుది ఏమున్నది, గోడలు లేసినంక వచ్చి వైర్లు గుంజిపోతడని నేనే కొట్టిపారేసిన. మీ అసొంటోళ్లు చెప్తె గద తెలిసేది."

తలుపు దగ్గర నిలబడ్డ అశ్రిత నేల చూపులు చూసింది.

జనార్ధన్ ప్లాను గీసిన మల్లేశానికి ఫోన్ కొట్టాడు. "రేపు జేసీబీ వద్దను. ప్లాను మళ్ల గీయాలె. మడిగెలు పోతె పోనీ, నాకు పిలగాండ్లు బతకాలె." ఫోన్ పెట్టేసి, వంగి సిద్ధాంతి కాళ్లకు మొక్కబోయాడు. ఆయన గాభరాగా వెనక్కి జరిగి, కండువా సర్దుకొని లేచాడు.

సాగనంపడానికి అశ్రిత గేటు దాకా వెళ్లింది. నాయిన ఇంకా లోపలే ఉన్నాడని చూసుకొని గొంతు తగ్గించింది.

"మస్తు భయపెట్టిన్రు సార్. ఇగ ఆ విభూతి తుడుచుకోండి, రేపు కాలేజీలో ఫస్ట్ అవర్ మాకు ఎలక్ట్రికల్ క్లాసు మీదే."