బొరియలో దొరికింది

"తవ్వరా! ఆ బొచ్చు సాలీడు చచ్చేదాకా నేను గంజి ముట్టను," అంది సంపూర్ణమ్మ గుమ్మంలో కూలబడి.

ఆమె కొడుకు యెహెజ్కేలు, కాలవ పనికి తీసుకెళ్ళే గునపంతో గోడవార బొరియ తవ్వుతున్నాడు. ఐదేళ్ళ కూతురు రూతును సమాధి చేసి మూడు రోజులైంది.

"ఆ రాత్రి అది పిల్ల చాప మీద పాకుతుంటే నా కళ్ళతో చూశాను. పొద్దున్నే పిల్ల కడుపునొప్పని మెలికలు తిరుగుతుంటే, రేవు దాటి పాముల వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తానని నువ్వు లేచావు. నేనే వద్దన్నాను. సాలీడు పాకినదానికి పసుపు రాస్తే చాలన్నాను. దానికింత విషం ఉంటుందని నాకేం తెలుసురా?"

మట్టిపెళ్ళ ఊడింది. లోపల పొడుగాటి కుబుసం. కట్లపాముది.

నిద్రలో అది కాటేస్తే గాటు కూడా కనబడదు. ముందు కడుపునొప్పే వస్తుంది.

"దొరికిందా?" అంది తల్లి.

యెహెజ్కేలు కుబుసాన్ని చుట్టి రొంటిన దోపుకున్నాడు. సాలీడు పక్కనే తడిక మీద కదలకుండా ఉంది. దాన్ని గునపంతో ఒక్క పోటు పొడిచాడు.

"ఇదిగోనమ్మా. దీని విషానికి ఆ వైద్యుడు మాత్రం ఏం చేసేవాడు? ఇంక ఈ ఇంట్లో పడుకోవద్దు. ప్రార్థన గుడి అరుగు మీదికి పోదాం."

సంపూర్ణమ్మ గంజి ముంత దగ్గరికి లాక్కుంది. రెండు గుక్కలు తాగి, చచ్చిన సాలీడు వైపు చూసింది.

"నా బంగారుతల్లిని పొట్టన పెట్టుకుంది, పాపిష్టిది."

"అవునమ్మా," అన్నాడతను, రొంటి మీంచి చెయ్యి తియ్యకుండా.