ఫేబీ బల్ల మీద ఎర్ర బల్బు

మన ఫేబీ ఉద్యోగం పర్మనెంటు అయింది బావా, దేవుడికి వేయి స్తోత్రాలు!

స్వీట్ల డబ్బా పట్టుకుని, ధౌలా కువాన్ స్టాపులో బస్సు మారి, చెప్పకుండా దాని ఆఫీసుకు వెళ్లాను. దాని బల్ల మీద ఎర్ర బల్బు ఉంది. ఆఫీసరు తన గదిలో స్విచ్ వేయగానే అది వెలిగింది. ఫేబీ లేచి వెళ్లిన తీరు చూడాలి బావా, మహారాణే!

“ఫేబీకి వినపడదు కదా అంకుల్‌జీ. చేరిన రోజే చెప్పింది. అందుకే ఈ బత్తీ పెట్టించాం,” అంది పక్క సీటు ఆవిడ.

చేరిన రోజే చెప్పేసిందట! ఆరో ఏట జ్వరమొచ్చి దానికి వినికిడి పోయింది. నలుగురిలో చులకనవుతుందని ఇన్నేళ్లూ నీకు కూడా చెప్పకుండా దాచాను, దాన్నీ ఎవరికీ చెప్పొద్దన్నాను. దాన్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్లి, నా పెదవులు కనపడేలా నిలబడి అన్నాను: “నన్ను మోసం చేశావే!”

“మోసం చేసింది నువ్వు నాన్నా. మావయ్య పిలిస్తే పలకలేదని, నాకు పొగరన్నాడు. నువ్వు పక్కనే ఉండి, ‘అవును, దానికి కాస్త పొగరే’ అని నవ్వావు. ఆ మాట నీ పెదాల మీదే చదివాను.”

బావా, దానికి పొగరు లేదు. వినపడదు, అంతే. ఉద్యోగం సంగతి తర్వాత, ముందు ఈ మాట చెప్పు: మా అక్కకి, తుని పిన్నికి, సామర్లకోట పెద్దన్నయ్యకి, పాస్టరమ్మ గారికి, పలకలేదని దానితో మాటలు మానేసిన మీ ఫ్లోరాకి.