బిగిన్‌కీ ఎండ్‌కీ మధ్య

"గోడ మూసెయ్యుండ్రి!" ఫోన్‌లో అరిచాడు గని మేనేజర్ జలపతిరావు.

గని లోపల బొగ్గు అంటుకుంది. ఆ సొరంగానికి గాలి ఆడకుండా గోడ కట్టేస్తే తప్ప నిప్పు ఆగదు. గోడ అవతల మనిషి మిగిలిపోతే మాత్రం బతకడు.

కంప్యూటర్ తెర చల్లగా చెబుతోంది: 'గనిలో ఎవరూ లేరు.'

"సార్, జర ఆగుండ్రి!" ప్రోగ్రాం రాసిన నర్మద దిగ్గున లేచింది. "గోడ కడుతున్న మేస్త్రీలు యాడున్నరు?"

"గని బాయిలనే ఉన్నరు. ఇంకేడుంటరమ్మా?"

"మరి తెరమీద వాళ్ల పేర్లేయి సార్?"

జలపతిరావు తెర మీదికి వంగాడు.

నర్మద ప్రోగ్రాం తెరిచింది. దిగేటప్పుడు తన పేరు మీద తీసుకున్న ఇత్తడి బిళ్ళను మనిషి పైకొచ్చి అప్పగిస్తేనే రెండు పనులు జరగాలి. వచ్చిన టైము ఎక్కాలి. లోపలున్నవాళ్ళలోంచి అతని పేరు పోవాలి. ఆ రెండు వాక్యాలనూ ఒక్కటిగా కట్టే బిగిన్, ఎండ్ మాటల మధ్య ఉంచడం తను మరిచిపోయింది. షరతు మొదటి వాక్యానికే పట్టింది. రెండోది అడ్డూఅదుపూ లేకుండా అందరి పేర్లూ చెరిపేసింది.

గబగబా ముందు బిగిన్, చివర ఎండ్ కొట్టింది. మళ్ళీ నడిపింది.

మేస్త్రీల పేర్లు ఒక్కొక్కటే వెలిగాయి. వాటి కింద ఇంకో కార్మికుడి పేరు.

గట్టయ్య.

"ఉన్న మనుషుల్ని లేకుండ జేసింది గీ రెండు మాటలు లేకనేనా!" అన్నాడు జలపతిరావు. తనకు తెలియకుండానే తెరకు చేతులు జోడించాడు.

గోడ పని ఆపించాడు. పొగలోకి మనుషుల్ని పంపేముందు, ఎందుకైనా మంచిదని గట్టయ్య క్వార్టర్‌కి జీపు తోలించాడు.

జీపులోంచి దిగింది గట్టయ్యే.

"ఇందాకనే పైకచ్చిన సారూ," అన్నాడు నేల చూపులు చూస్తూ. "బిళ్ళ ఇచ్చుడు మర్సిన."

"ఇంతమందిని పరేషాన్ జేస్తివి గదరా!" జలపతిరావు నర్మద వైపు కొరకొరా చూశాడు. "గీ డబ్బాకు దండం గూడ పెడితి!"

"ఇప్పుడది తప్పు చెప్తలేదు సార్," అంది నర్మద.

వినకుండా ఫోన్ అందుకున్నాడు. "హలో! లోపల ఎవలు లేరు. మంట పెరగకముందే గోడ మూసెయ్యుండ్రి!"

"గోడా?"

గట్టయ్య తలెత్తాడు. ఒక్క దూకు దూకి ఫోన్ లాక్కున్నాడు.

"వద్దు సారూ! నౌకరి పోతె పాయె... ఇయ్యాల నా బిళ్ళ పట్టుకొని దిగింది మా తమ్ముడు!"