పదకొండు మెట్లు

“క్యాన్సరా?” అంది పద్మారాణి, కుడి చెవి డాక్టరు వైపు తిప్పి.

“కాదమ్మా. ప్రమాదం లేని గడ్డే, కాకపోతే చాలా అరుదు. వెన్నుపామును నొక్కుతోంది. అందుకే మీ ఆయన కాళ్లు పడిపోయాయి,” అంది డాక్టర్ సంధ్య. “ఎడమ చెవి వినపడదా? మగ్గాల చప్పుడుకేనా?”

పద్మారాణి ఆ మాట దాటేసింది. “గడ్డ తీస్తే నడుస్తడా?”

“నడవొచ్చు. ఆలస్యమైతే చెప్పలేం.”

“అయితే రేపే తియ్యున్రి.”

మంచం మీద పరుశురాం గోడ వైపు తిరిగాడు. “వెన్ను కోస్తే సస్త. వద్దే!”

“నువ్వు సస్తే నాకు కుదరదు.”

పక్క మంచం మీది బుచ్చవ్వ కళ్లొత్తుకుంది. “మొగుడంటే ఎంత పానమే నీకు!”

ఆపరేషను ఐదు గంటలు పట్టింది. చిక్కుడు గింజంత గడ్డ. మూడోరోజు అతని బొటనవేలు కదిలింది.

సూరత్‌లో వడోద్ బస్తీలోని తమ గదికి తెచ్చాక ఆమె అతన్ని వదల్లేదు. మగ్గాల కార్ఖానాకు పోయే ముందు వంద అడుగులు వేయించేది. వచ్చాక ఇంకో వంద.

“జర కూసోనియ్యే, దయలేనిదానా!”

“రెండేండ్లు పండుకున్నది సాలు. మన కులసంఘం హాలుకు పదకొండు మెట్లున్నయ్. ఎక్కాలె.”

“ఆడ ఏమున్నది?”

“లక్ష్మీరాజం కాకకు మాటిచ్చిన.”

నిజమే. అతను మంచాన పడ్డ వారానికే ఆమె ఒంటరిగా హాలుకు వెళ్లింది. కులపెద్ద లక్ష్మీరాజం ఆమె ఇచ్చిన కాగితం చదివి, మడిచి, తిరిగి చేతిలో పెట్టాడు.

“ముందు వాన్ని నడిపిచ్చుకొని రా బిడ్డా. అప్పుడు సూద్దాం.”

ఆ కాగితాన్ని ఆమె స్కాను ఫైలులో దాచింది.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం, సంఘం మీటింగుకు సూరత్‌లోని తెలుగువాళ్లు చాలామంది వచ్చారు. పరుశురాం ఒక్కో మెట్టూ ఎక్కాడు. ఆమె వెనకే ఉంది, చెయ్యి అందించలేదు. పదకొండో మెట్టు మీద అతను నిలబడగానే హాలంతా చప్పట్లు కొట్టింది.

“పెండ్లామంటే గిట్లుండాలె!” అన్నాడు లక్ష్మీరాజం.

పరుశురాం నవ్వుతూ జనానికి చెయ్యెత్తాడు. పద్మారాణి ఎడమ చెంప చప్పున పక్కకు తప్పించింది. ఎవరూ గమనించలేదు.

ఆమె ఫైలు తెరిచి, మడత నలిగిన కాగితం తీసి పెద్దాయన ముందు పెట్టింది.

“నడిపిచ్చుకొచ్చిన కాకా, ఇగ విడాకులిప్పియ్యున్రి.”