కొట్టువాడి వేషం

చీకటి పడ్డాక, చెరకు తోటల పనికి సముద్రం దాటి వచ్చిన తెలుగువాళ్లు నాటకాలాడుకునే షాల్‌క్రాస్ హాల్లో అప్పలసామి ఒక్కడే రిహార్సల్ చేసుకుంటున్నాడు. రాముడైనా, రావణుడైనా, ద్రౌపదైనా ఈ స్టేజీ మీద ఎప్పుడూ తనే. తెల్లవాళ్ల పాలన పోయి అందరికీ ఓట్లు వచ్చాయి, దేశం మారింది, టీవీవాళ్లు పిలిచి కొట్టువాడి వేషం ఇచ్చారు. మొత్తం వేషానికి ఒకటే మాట.

"షాప్ క్లోజ్డ్. గో హోమ్," అన్నాడు ఖాళీ కుర్చీలకేసి చూసి.

తెర వెనక నుంచి ఎవరో మెల్లగా రావణుడి పద్యం అందించారు. అతనికి పద్యాలు అందించేది పెళ్లాం గౌరమ్మే. ఆమె పోయి ఏడాదైంది.

"ఇందులో పద్యం లేదు గౌరీ," అన్నాడు తెరకేసి తిరిగి. "ఇంతే ఇచ్చినారు."

ఆ గొంతు ఆగిపోయింది. ముందు వరుసలో ఒక కుర్చీ వెనక్కి జరిగింది. తర్వాత దాని పక్కది. జనం లేచిపోతున్నట్టు హాలంతా చప్పుడు.

"ఉండండి, పాడతాను," అన్నాడు.

అడుగులు గుమ్మం దాటుతూనే ఉన్నాయి.