చేపనూనె

"పెద్దాయనా, మందను ఇక్కణ్ణించి తోలుకుపో."

కృపారాణి గొంతులో కోపం కూడా లేదు. ఓపికే లేనప్పుడు కోపం మాత్రం ఎక్కణ్ణించి వస్తుంది?

తెల్లవారుజామునే సముద్రం వైపు నుంచి ట్యాంకర్ వచ్చింది. రొయ్యల ఫ్యాక్టరీలో కడిగి వదిలేసిన నీళ్లు. డ్రమ్ముల్లో పులియబెట్టి, వడకట్టి, పైపుల్లోకి వదిలితే మట్టి లేకుండానే పాలకూర ఏపుగా పెరుగుతుంది. కంపు మాత్రం ఎన్ని స్నానాలు చేసినా తలలోంచి పోదు.

టీచర్ ఉద్యోగం మానేసి, ఆత్మకూరు రోడ్డు పక్కన పంచాయతీ స్థలంలో వేసుకున్న షెడ్డు. ఊరు వద్దంటే మూసుకోవాల్సిందే. ఆ మాట ఎవరు ఎప్పుడంటారోనని ఎండాకాలమంతా బిక్కుబిక్కుమంటూ గడిపింది. ఇంతవరకు ఎవరూ గేటు దాకా రాలేదు. దేవుడి దయ అనుకుంది.

ఇవాళ నెల్లూరు హోటల్ వాళ్లు ఆకుకూరలు చూడటానికి వస్తున్నారు. తీరా చూస్తే కంచె పక్కన, ఎండాకాలం మొదట్లో కొండాపురం నుంచి వచ్చి ఇక్కడే మకాం వేసిన ఈ సుబ్బన్న, ఆయన గొర్రెలు, వాటి ఈగలు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"కొండ మింద కసువు లేదు తల్లీ. నువ్వు పారేసే ఆకూ వేళ్లూ తిని బతుకుతా ఉండాయి."

"నీ దగ్గర ఆ చేపనూనె కంపేంది?"

"గొర్రెల గిట్టలకు పూస్తా ఉండానమ్మా. ఈగలు వాలకుండా."

"వచ్చేవాళ్లు నా షెడ్డు కంపనుకుంటారు. నా తిప్పలు నాకుండాయి, పో పెద్దాయనా."

సుబ్బన్న తుండు దులిపి భుజాన వేసుకున్నాడు.

"నేనుండేదే నీకు మంచిది తల్లీ."

"బెదిరిస్తా ఉండావా?"

ఆయన మందను అదిలించుకుంటూ ఉదయగిరి వైపు వెళ్లిపోయాడు.

హోటల్ వాళ్లకు కూరలు నచ్చాయి. హమ్మయ్య అనుకుని కృపారాణి ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

వారం తిరక్కుండానే పంచాయతీ పెద్ద ఓబయ్య నలుగురిని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు.

"కృపమ్మా, ఇంక ఆ ట్యాంకర్‌ను రానీబాక. కంపుకి అన్నం నోట్లోకి పోవడం లేదు."

ఆమె గేటు తీసుకుని బయటికి వచ్చింది.

"ఎండాకాలమంతా లేనిది ఇప్పుడేంది మామా?"

"ఎండాకాలమంతా ఉండాది. ఆ గొర్రెలాయన చేపనూనెది అనుకున్నాం. ఆయన పోయినాడు, కంపు పోలేదే."

"నూనెదని మీకెవరు చెప్పినారు?"

"ఇంకెవరు? ఆయనే. ఇల్లిల్లూ తిరిగి, డబ్బా మూత తీసి వాసన చూపించి మరీ చెప్పినాడు. కంపు నాది, ఆ పాప షెడ్డునేం అనబాకండి అని."

కృపారాణి ఉదయగిరి రోడ్డు వైపు చూసింది. ఓబయ్య గొంతు తగ్గించాడు.

"అది నమ్మే కదమ్మా, ఆయన్ను మేం బోరు దగ్గర నీళ్లు కూడా పట్టుకోనీలేదు."