పై పొరలో సుత్తి

బడి నేలంతా పరిచిన ఆట తెర తుడవాలి, పిల్లలకు ఆ తెరను తవ్వే చేతి తొడుగులు పంచాలి, మా ఊరి గని పొరలను ఆటలోకి ఎక్కించాలి. టీచరుగా అది నా పని. అన్నిటికంటే పై పొరలో మా నాన్న సుత్తి పెట్టాను. ఆయన గనిలో నాపరాళ్ల కింద పడి చనిపోతే, ఆ పేరుతో తన దగ్గర కూలీయే లేడన్నాడు గని యజమాని శేషయ్య.

తవ్వితే దొరికింది ఎవరిదో పిల్లలతో పాటు వాళ్ల ఇంటి పెద్ద కూడా తెర ముందు చెబితేనే కింది పొర తెరుచుకుంటుంది. ఇంటి పెద్దలొచ్చి చెప్పడంతో క్లాసంతా కోట్ల ఏళ్ల నాటి నాచు శిలాజాల దాకా పోయింది. తాత రాకపోవడంతో శేషయ్య మనవరాలు మాత్రం సుత్తి దగ్గరే ఆగిపోయింది.

చివరికి శేషయ్యే బడికి వచ్చాడు.

"ఆ పొర తీసెయ్‌మ్మా. పాప ఏడుస్తాంది."

"పై పొర దాటకుండా కిందికి ఎట్ల పోతారు సార్? చెప్పండి."

ఏదో పేరు గొణిగాడు. తెర కదల్లేదు.

"గట్టిగా చెప్పు జేజినాయనా, దానికి ఇనపల్యా" అంది పాప.

"మా గని కూలి ఓబులేసుది."

మా నాన్న పేరు బడంతా విన్నది. మీ ఇంట్లో నాపరాళ్లు పరిచి ఉంటే, అడుగు పెట్టేటప్పుడు ఆ ఓబులేసును తలుచుకోండి.